జెర్సీల బిల్లు ఏ ఖాతాలో రాయాలి?

పర్లాకిమిడి, సోమవారం

ఉదయం దుకాణానికి వెళ్లేసరికి గల్లాపెట్టె మీద జెర్సీల బిల్లు ఉంది. బరంపురంలో కుట్టించినవి. ఆకుపచ్చ చొక్కాలు, వెనక అంకెలు, రొమ్ము మీద మా దుకాణం పేరు పైన ఒడియాలో, కింద తెలుగులో. తెలుగులో ఒక దీర్ఘం ఎగిరిపోయింది. షావుకారుగారు అది చూడలేదు, నేనూ చెప్పలేదు. ఆయన ఆలోచన అంతా బిల్లు మీదే ఉంది.

"దీన్ని ఏ ఖాతాలో రాస్తావయ్యా?"

"ప్రకటన ఖర్చు కింద రాస్తే ఆడిటరు ఒప్పుకుంటారు. ధర్మం ఖాతాలో రాస్తే మీ మనసు ఒప్పుకుంటుంది" అన్నాను.

ఆయనకు రెండూ నచ్చలేదు. ఆ జెర్సీలు వేసుకునే ఫుట్‌బాల్ జట్టులో సగం మంది మా గోదాములో బస్తాలు మోసే సవర కుర్రాళ్లు. వాళ్లకు చొక్కాలు కొనివ్వడం ధర్మమంటే వాళ్లకు చిన్నతనం, ప్రకటన అంటే ఆయనకు చిన్నతనం. చివరికి ఆడిటరు మాటే నెగ్గింది. ఎప్పుడూ అంతే.

ఆ జట్టుకు మా మేనల్లుడే గోల్‌కీపరు. షావుకారుగారికి వాడు పెట్టిన పేరు టోనీ బ్లూమ్. ఎవరో దొర అనుకుని ఊరుకునేవాణ్ణి. మొన్నొక రాత్రి వాడి ఫోనులో చూస్తే, ఇంగ్లండ్‌లో బ్రైటన్ అనే ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు యజమానట. ఆ బ్లూమ్ గురించి చదవడం మొదలుపెట్టాను. మాంచెస్టర్‌లో లెక్కలు చదివి ఎర్న్‌స్ట్ అండ్ యంగ్ అనే పెద్ద ఆడిట్ సంస్థలో చేరాడట. మా కులవృత్తే! అక్కణ్ణుంచి షేర్ల ఆప్షన్ల బేరాలకు, పేకాటకు, పందాలకు వెళ్లాడు. పోకర్ బల్ల దగ్గర ఆయనకు బల్లి అని పేరు. స్టార్‌లిజర్డ్ అన్న ఆయన సంస్థ ఫుట్‌బాల్ ఆటల అంకెలను జల్లెడ పట్టి గెలుపోటముల అంచనాలు కడుతుంది. ఆస్తికి మూలం అదే. ఈ పందెం సొమ్మంటే నాకు గిట్టదు. క్రికెట్ పందాల్లో బండ్లు అమ్ముకున్న కుర్రాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాళ్లు దేవుడి మీద భారం వేసి పందెం కడతారు, ఈయన లెక్క వేసి కడతాడు. అంతమాత్రాన నాకు ముద్దొచ్చేదేమీ లేదు.

అయితే ఆ డబ్బును బ్రైటన్ క్లబ్బులో పెట్టిన తీరు మాత్రం పద్దులు రాసేవాడికి ముచ్చటగా ఉంటుంది. పుట్టిన ఊరు అదే, తాత హారీ బ్లూమ్ 1970లలో ఆ క్లబ్బుకు ఉపాధ్యక్షుడు. అప్పటి యజమానులు సొంత మైదానం గోల్డ్‌స్టోన్‌ను దుకాణాల సముదాయం కోసం అమ్మేయడంతో 1997లో జట్టు అక్కణ్ణుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. రెండేళ్లు దాదాపు 70 మైళ్ల దూరంలోని జిల్లింగ్‌హామ్‌లో, ఆ తరువాత 2011 దాకా విత్‌డీన్ అనే పరుగుపందేల మైదానంలో ఆడారు. 2009లో బ్లూమ్ క్లబ్బును చేతిలోకి తీసుకునేనాటికి జట్టు మూడో శ్రేణిలో ఉంది. కొత్త స్టేడియానికి 9.3 కోట్ల పౌండ్లు పెట్టాడు. 2011లో అది తెరుచుకుంది. 2017లో జట్టు ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది. 1983 తరువాత పై శ్రేణి చూడటం అదే.

మధ్యాహ్నం మోహన వైపు నుంచి చింతపండు లారీ వచ్చింది. తూకం దగ్గర కూర్చున్నా నా మనసు ఆ పద్దుల మీదే ఉంది. అమ్మాల్సిన ధర కొన్న రోజే చీటీ మీద రాసుకోవాలని, బజారు ఆ ధరకు వచ్చేదాకా బస్తా కదపకూడదని మా షావుకారుగారి పద్ధతి. బ్లూమ్ ఆటగాళ్ల విషయంలో చేసేదీ ఇదే. ఈక్వెడార్ కుర్రాడు కైసెడోను 2021లో అర కోటి పౌండ్ల లోపే తెచ్చుకుని, 2023 ఆగస్టులో లండన్ క్లబ్బు చెల్సీకి అమ్మాడు. ముందు 10 కోట్లు, షరతులు నెరవేరితే మొత్తం 11.5 కోట్లు. శిక్షకుడు పాటర్‌ను 2022లో అదే చెల్సీ తీసుకుపోతే దానికీ పరిహారం రాబట్టాడు. మనిషి వెళ్లేలోపే ఆ స్థానంలోకి రావాల్సినవాడి పేరు సిద్ధంగా ఉంటుందట. 2024లో 31 ఏళ్ల హుర్జెలర్‌ను శిక్షకుడిగా తెచ్చినప్పుడు నవ్వినవాళ్లున్నారు.

2022-23లో క్లబ్బుకు 12.28 కోట్ల పౌండ్ల లాభం వచ్చింది. కైసెడో సొమ్మంతా అందులోనే ఉందని మేనల్లుడు వాదించాడు. కాదు. వాళ్ల పద్దు జూన్ 30తో మూస్తారు, కైసెడో వెళ్లింది ఆగస్టులో. ఆ లాభం కుకురెల్లా, ట్రొసార్, మాకలిస్టర్ లాంటి ఆటగాళ్లను అమ్మినందువల్ల వచ్చింది. ఇంకో కిటుకు ఉంది. ఆటగాణ్ణి కొన్న ఖరీదును ఒప్పందం ఉన్నన్నేళ్లకూ పంచి రాస్తారు, అమ్మిన లాభాన్ని మాత్రం ఆ ఏడాదే మొత్తంగా చూపిస్తారు. అందుకే ఒక ఏడాది క్లబ్బు కుబేరుడిలా కనిపిస్తుంది, మరుసటి ఏడాది బీద అరుపులు అరుస్తుంది. ఇది చెబుతుంటే వాడు ఆవులించాడు. కైసెడో ఎన్ని బంతులు లాక్కున్నాడో మాత్రం వేళ్ల మీద చెబుతాడు.

ఆ లాభం చూపిన ఏడాదిలోనే, బ్లూమ్‌కు క్లబ్బు తిరిగి ఇవ్వాల్సింది దాదాపు 37 కోట్ల పౌండ్లు. దానం కాదు, అప్పు. వడ్డీ లేదు. ఈ పద్దు దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. పందెంలో ప్రతి అవకాశానికీ వెల కట్టే మనిషి, ఇంత సొమ్మును వడ్డీ లేకుండా సొంత ఊళ్లో నిలబెట్టాడు. ధర్మమంటే క్లబ్బుకు చిన్నతనమని కాబోలు, అప్పుగా రాయించాడు. బెల్జియంలో ఆయన 2018లో పెట్టుబడి పెట్టిన యూనియన్ సాంజిల్వాజ్ 1935 తరువాత మళ్లీ 2025లో లీగ్ గెలిచింది. లెక్క తెలిసినవాడే, అనుమానం లేదు. బ్రైటన్‌లో మాత్రం లెక్కతోపాటు ఇంకేదో ఉంది. తాతగారు కూర్చున్న కుర్చీ అనుకుంటాను.

సాయంత్రం మైదానంలో కొత్త జెర్సీలు వేసుకుని కుర్రాళ్లు ఆడుతుంటే షావుకారుగారు స్కూటరు దిగకుండానే కేకలు వేశారు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఎవరో బంతిని తన్నాల్సిన చోటికి కాకుండా రోడ్డు మీదికి తంతే "శభాష్" అన్నారు.

తిరిగి వస్తూ మేనల్లుడితో అన్నాను, ఆ అప్పు ఆయన రేపు ఇమ్మంటే మీ బ్రైటన్ పని ఖాళీ, క్లబ్బంతా ఒక్క మనిషి దయ మీద నడుస్తోందని. వాడికి కోపం వచ్చింది.

"గోల్డ్‌స్టోన్ అమ్మినవాళ్లూ యజమానులే కదా మావయ్యా. దయ లేని యజమాని కంటే నయమే."

"నయమే. కానీ ఆయన తరువాత ఎవరు?"

దానికి వాడు హారీ బ్లూమ్ మనవడికి పిల్లలు ఉన్నారా లేరా అని ఫోనులో వెతకడం మొదలుపెట్టాడు. నేను జీఎస్టీ లెక్కలు ముందేసుకున్నాను.