దెబ్బలను గుర్తుపెట్టుకునే ఆట

శనివారం, ఫ్రిస్కో, టెక్సాస్.

ఈ రోజు ప్రత్యేకంగా జరిగినదేమీ లేదు. ఉదయం పెరట్లో గడ్డి కోసి, కూరగాయలు తెచ్చి, అమ్మతో ఫోనులో మాట్లాడిన తరువాత, భోజనం వేళ వరకు మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని మ్యాడెన్ ఎన్ఎఫ్ఎల్ 26 ఆడాను. 2025 ఆగస్టులో విడుదలైన ఈ అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో స్టేడియంల హంగు, ముఖాల పోలిక బాగా మెరుగుపడ్డాయని అందరూ అంటున్నారు, అది నిజమే. నన్ను కట్టిపడేసిన మార్పు మాత్రం వేరు. ఇంతకుముందు ఒక ప్లే (బంతితో ముందుకు సాగే ఒక్కో ప్రయత్నం) ముగిసిందంటే స్కోరులోనూ, బంతి చేరిన గీతలోనూ తప్ప దాని ప్రభావం పెద్దగా మిగిలేది కాదు. ఇప్పుడు మైదానంలో జరిగిన దానిని ఆట మరచిపోవడం లేదు.

ఆటగాళ్ల శరీరాల సంగతే చూద్దాం. అలసట, గాయాలు పాత మ్యాడెన్‌లలో కూడా ఉన్నాయి, కానీ అవి ఎక్కడి నుంచో ఊడిపడినట్లుండేవి. ‘వేర్ అండ్ టేర్’ అనే కొత్త పద్ధతి ఆటగాడి శరీరాన్ని భాగాలుగా విడదీసి, ఏ భాగానికి ఎన్ని దెబ్బలు తగిలాయో, అవి ఎంత గట్టివో లెక్క ఉంచుతుంది. జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరే చేతికి దెబ్బలు పడుతుంటే అతని బంతిలో వేగం, గురి తగ్గుతాయి, కాళ్లకు పడితే పరుగు మందగిస్తుంది. ఇది మొదట వచ్చింది మ్యాడెన్‌లో కాదు, 2024 జూలైలో విడుదలైన కాలేజ్ ఫుట్‌బాల్ 25లో. విద్యార్థి క్రీడాకారుల పేర్లను, రూపాలను డబ్బు చెల్లించకుండా వాడుకోవడంపై నడిచిన కోర్టు వివాదాల కారణంగా 2013 తరువాత ఆగిపోయిన కాలేజీ ఆట, తిరిగి వస్తూ వస్తూ ఈ మంచి ఆలోచనను వెంటబెట్టుకుని వచ్చింది.

ఈ రోజు నేను డల్లాస్ కౌబాయ్స్, కంప్యూటర్ ఫిలడెల్ఫియా ఈగిల్స్. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలనే నియమం ఉన్న ఈ ఆటలో, జావొంటె విలియమ్స్ వంటి బలమైన రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) ఉన్నప్పుడు, మూడు నాలుగు గజాలు వచ్చినా చాలునని బంతిని పదే పదే అతని చేతికిచ్చి నడిమి నుంచి తోయించడం నాకు ఇష్టమైన పద్ధతి. పాత ఆటలలో నాలుగో క్వార్టర్‌లో, అంటే మ్యాచ్ చివరి భాగంలో కూడా అది బాగానే చెల్లేది. ఈ రోజు మూడో క్వార్టర్ సగానికి వచ్చేసరికే అతని కాళ్లలో మునుపటి తోపు లేదు. “ఇంక అతన్ని కూర్చోబెట్టు నాన్నా, చివర్లో కావాలి కదా,” అన్నాడు మా అబ్బాయి. ఫాస్ట్ బౌలర్ ఓవర్లను చివరికి దాచుకునే కెప్టెన్ చేసే లెక్కే ఇది. మా అబ్బాయికి క్రికెట్ అంతగా పట్టదు కాబట్టి ఆ మాట అతనితో అనలేదు.

ఈ లెక్క ఊహలోంచి పుట్టినది కాదు. ఈ గేమ్ అట్ట మీద ఉన్న ఈగిల్స్ రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్లీ కథే అందుకు సాక్ష్యం. 2024 నవంబరు 3న జాక్సన్‌విల్ జట్టుపై, ఎదురొస్తున్నవాడి మీదుగా వెనక్కి తిరిగి అతడు వేసిన గెంతే అట్ట మీద బొమ్మయింది. ఆ సీజన్‌లో అతడు 345 సార్లు బంతి మోసి 2,005 గజాలు పరుగెత్తాడు. ఎరిక్ డికర్సన్ 1984లో నెలకొల్పిన 2,105 గజాల సీజన్ రికార్డును దాటడానికి ఇంకా 101 గజాలు కావలసి ఉండగా, లీగ్ దశ చివరి మ్యాచ్‌లో అతనికి విశ్రాంతినిచ్చారు. రికార్డు చేజారింది కానీ 2025 ఫిబ్రవరిలో ఈగిల్స్ 40-22 తేడాతో కాన్సాస్ సిటీని ఓడించి, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. వీడియో గేమ్‌లో అటువంటి నిర్ణయానికి ఇన్నాళ్లూ అర్థమే ఉండేది కాదు. దెబ్బకు ధర లేనప్పుడు విశ్రాంతికి మాత్రం విలువ ఎక్కడిది?

దెబ్బలలో ఈ తేడా తెలియడానికి 2024 నాటి మ్యాడెన్ 25లో పునాది పడింది. (2013లో వచ్చిన గేమ్‌కూ పాతికేళ్ల పండుగ పేరుతో అదే అంకె పెట్టారు, కాబట్టి మ్యాడెన్ 25లు రెండు ఉన్నాయి.) అంతకుముందు ట్యాకిల్ (బంతి ఉన్నవాడిని పడగొట్టడం) అంటే చాలావరకు ముందే సిద్ధం చేసిన కదలికలలో ఒకటి తెర మీద నడిచిపోవడం. అప్పటి నుంచి ఎదురెదురుగా వచ్చే ఇద్దరి బరువు, వేగం, తాకిన కోణం, తాకిన క్షణం చూసి ఆట ఫలితాన్ని తేలుస్తోంది. భుజానికి పక్కగా తగిలితే రన్నింగ్ బ్యాక్ తూలి నిలదొక్కుకోవచ్చు, కానీ ఆ తగిలినది ఇప్పుడు లెక్కలో చేరుతుంది.

ఎదుటి కోచ్ కూడా గుర్తుపెట్టుకుంటున్నాడు. అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో దాదాపు పదేళ్ల నిజమైన ఆటల సమాచారంతో కంప్యూటర్ కోచ్‌లకు శిక్షణ ఇచ్చామని తయారీదారులు చెబుతున్నారు. ప్రకటనల భాషలో అతిశయోక్తి ఎంతో చెప్పలేను గాని, ఒకే పాస్ ప్లేను మళ్లీ మళ్లీ పిలిచినప్పుడు మా జట్టులో పాస్ అందుకునే సీడీ ల్యాంబ్ పరుగెత్తే దారిలో ముందుగానే ఒక రక్షకుడు నిలబడి ఉండడం నేను చూశాను. అలాగే క్వార్టర్‌బ్యాక్‌ల తీరులు విడివిడిగా కనబడుతున్నాయి. పాట్రిక్ మహోమ్స్ కదులుతూ ఏ కోణంలోంచైనా విసురుతాడు, జారెడ్ గాఫ్ నిలిచిన చోటు నుంచే విసరాలని చూస్తాడు. ఇద్దరినీ ఒకే రక్షణతో ఆపాలనుకుంటే కుదరదు. ఇది నిజంగా పెద్ద మెరుగుదల, ఎందుకంటే ఎవరితో ఆడుతున్నామో జెర్సీ చూడకుండానే తెలుస్తుంది.

మంచు, వాన, పొగమంచుల ప్రభావం గురించి మాత్రం నా ఉత్సాహం కొంత తక్కువే. పొగమంచులో, పాస్ అందుకోవలసిన దూరపు రిసీవర్ కనబడకపోవడం చూడడానికి బాగుంటుంది, ఆడడానికి విసుగు. పైగా ఆర్లింగ్టన్‌లో మా జట్టు స్టేడియానికి మూసుకునే పైకప్పు ఉంది కాబట్టి సొంత మైదానంలో ఆ బెడద ఉండదు, బయటికి వెళ్లినప్పుడే కష్టం.

కిక్‌ఆఫ్‌లు (బంతిని ఎదుటి జట్టు వైపు తన్ని ఆట మొదలుపెట్టడం) కూడా మారాయి, అయితే అది ఎన్ఎఫ్ఎల్ 2024లో తెచ్చిన నియమం పుణ్యం. 2025 నుంచి టచ్‌బ్యాక్ ఇస్తే, అంటే తన్నిన బంతి నేరుగా గోల్ గీత దాటిపోతే, ఎదుటివారికి బంతి తమ 35 గజాల గీత వద్ద దొరుకుతుంది కాబట్టి, ఊరికే బలంగా తన్నేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

చివరి క్వార్టర్‌లో విలియమ్స్‌ను తిరిగి దించాను. వరుసగా మూడు ఫస్ట్ డౌన్లు (పది గజాలు దాటి మళ్లీ నాలుగు ప్రయత్నాలు పొందడం) వచ్చాయి. ఆపై మా కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ గోల్ స్తంభాల మధ్యకు తన్నిన ఫీల్డ్ గోల్‌తో మూడు పాయింట్ల తేడాతో గట్టెక్కాము. ఒక జట్టును సీజన్ల పాటు నడిపే ఫ్రాంచైజ్ పద్ధతిలో తదుపరి మ్యాచ్ గ్రీన్ బేలో, పైకప్పు లేని ల్యాంబో ఫీల్డ్‌లో ఉంది. విలియమ్స్ కాళ్లు ఇంకా పూర్తిగా కోలుకోలేదు కాబట్టి ఈ వారం సాధనలో అతని వంతు తగ్గించాలని నేను, అసలు ఆడించనే వద్దని మా అబ్బాయి, భోజనం దగ్గర కూడా వాదించుకుంటూనే ఉన్నాము.