బంతి మీద కాలు పడ్డ రోజు

వార్మప్‌లో క్యాచ్‌లు పడుతూ వెనక్కి నాలుగడుగులు వేశాను. వెనకాల బంతి పడి ఉందని చూసుకోలేదు. కుడికాలు దాని మీద పడి లోపలికి మడత పడింది. టప్‌మని చిన్న చప్పుడు. బెణుకే కదా అనుకుంటూ షూ విప్పేలోపే చీలమండ దగ్గర నిమ్మకాయంత వాపు.

లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) సగానికి పైగా తెగిందని ఎమ్మారైలో తేలింది. ఆపరేషన్ అక్కర్లేదట. మూడు వారాలు పాదం కదలకుండా పట్టి ఉంచే బూటు, తర్వాత ఫిజియోథెరపీ. "ఆస్ట్రేలియా బౌలర్ మెక్‌గ్రాత్‌కి కూడా ఇలాగే అయింది కదండీ" అని డాక్టరు గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు కానీ, ఇంటికొచ్చి మంచమెక్కగానే ఆ మ్యాచ్ పెట్టుకుని చూశాను.

2005 ఆగస్టు 4, ఎడ్జ్‌బాస్టన్, ఇంగ్లండ్-ఆస్ట్రేలియాల యాషెస్ సిరీస్‌లో రెండో టెస్టు. అంతకుముందు లార్డ్స్‌లో 9 వికెట్లు తీసిన గ్లెన్ మెక్‌గ్రాత్, ఆట మొదలవకముందే బంతి తొక్కి చీలమండ దెబ్బ తీసుకున్నాడు. అయినా ఆస్ట్రేలియా కెప్టెన్ పాంటింగ్ టాస్ గెలిచి బౌలింగే ఎంచుకున్నాడు. (ఎందుకో ఇప్పటికీ నాకర్థం కాదు.) ఇంగ్లండ్ తొలిరోజే 407 కొట్టి, చివరికి 2 పరుగులతో గెలిచింది. సిరీస్ 2-1. మెక్‌గ్రాత్ ఆడని రెండు టెస్టులే ఇంగ్లండ్ గెలిచినవి. అతని బదులు వచ్చిన కాస్ప్రోవిచ్ చివరి వికెట్‌గా ఔటయ్యాడు. పాపం!

పాపం అన్నానే గానీ, నా బదులు ఓపెనింగ్‌కి వెళ్లిన కుర్రాడి మీద మాత్రం నాకు జాలి లేదు. వాడు డకౌట్ అవ్వాలని కోరుకున్నాను. వాడేమో వరసగా పరుగులు చేస్తున్నాడు.

ఇలా దెబ్బ తగిలి చోటు పోయిన ఇంకొకరూ గుర్తొచ్చారు. 1962 మార్చిలో వెస్టిండీస్ పర్యటనలో బార్బడోస్ జట్టు మీద ఆడుతుంటే ఫాస్ట్ బౌలర్ గ్రిఫిత్ బంతికి భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె చిట్లింది. ప్రాణం దక్కింది, మళ్లీ టెస్టు ఆడలేదు. కెప్టెన్సీ 21 ఏళ్ల పటౌడీకి వచ్చింది. అతనికీ అంతకుముందు ఏడాదే కారు ప్రమాదంలో కుడికంటి చూపు పోయింది. 1968లో న్యూజీలాండ్‌లో భారత్ విదేశీ గడ్డ మీద తొలి సిరీస్ గెలిచింది అతని కెప్టెన్సీలోనే. అందరం పటౌడీ కథే చెప్పుకుంటాం. మంచం మీద పడి ఉన్న నాకు మాత్రం కాంట్రాక్టరే గుర్తొచ్చేవారు. అప్పటికి ఆయన వయసు 28.

బూటు తీశాక బొటనవేలితో గాల్లో అక్షరాలు రాయమన్నారు. అ, ఆలు సులువే. ఋ దగ్గరికొచ్చేసరికి చీలమండ మొరాయించేది. కళ్లు మూసుకుని ఒంటికాలిమీద నిలబడితే మొదటిరోజు నాలుగు సెకన్లు. పాదం ఏ కోణంలో ఉందో చెప్పే నరాల చివరలు లిగమెంట్‌లోనూ ఉంటాయట, నొప్పి తగ్గాక కూడా వాటికి మళ్లీ నేర్పాలట. అరవై సెకన్లు నిలబడటానికి రెండు నెలలు పట్టింది.

అయిదు నెలలకు తిరిగొచ్చాను. ఓపెనింగ్ ఇప్పుడు వాడిదే, నేను ఏడో నంబర్. అడగలేదు, అడిగినా ఇవ్వరు. ఇప్పుడు వార్మప్‌కి ముందు గ్రౌండంతా తిరిగి బంతులేరి సంచిలో వేస్తాను. అందరూ నవ్వుతారు. మొన్న వాడు నవ్వకుండా వేలు చూపించాడు.

"అన్నా, నీ వెనకాల ఇంకోటుంది."