మినిమైజ్ చేస్తే పోయిన వృత్తం

మంగళవారం మధ్యాహ్నం రెండో సంవత్సరం వాళ్ళకి జావా ప్రోగ్రామింగ్ ల్యాబ్. ఈ వారం ప్రోగ్రామ్ చూడ్డానికి చిన్నదే. ఒక విండో, దాని కింద వరుసగా నాలుగు బటన్లు: గీత, వృత్తం, చతురస్రం, త్రిభుజం. ఏది నొక్కితే ఆ బొమ్మ పైనున్న ఖాళీలో కనపడాలి. రికార్డులో మూడు పేజీలకు మించదు. అయినా ఈ సెమిస్టర్‌లో నాకు బాగా ఇష్టమైన ల్యాబ్ ఇదే. ఇప్పటిదాకా పిల్లలు రాసిన ప్రోగ్రాములన్నీ నల్లటి తెర మీద అంకెలు అడిగి, అంకెలు చెప్పి ఊరుకునేవి. ఇవాళ మొదటిసారి వాళ్ళు రాసింది వాళ్ళ వేలికి బదులిస్తుంది.

తెనాలి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే మా పిల్లల్లో ఎక్కువమందికి ఇంట్లో కంప్యూటర్ లేదు, ఫోనే. కీబోర్డు మీద చెయ్యి పడేది ల్యాబ్ గంటల్లోనే. అందుకే ప్రోగ్రామ్ మొత్తం బోర్డు మీద రాసి ఎక్కించుకోమనడం నాకు ఇష్టం ఉండదు. బటన్ ఎలా పెట్టాలో, దానికి యాక్షన్ లిజనర్, అంటే నొక్కు వినిపించగానే పని చేసే భాగం, ఎలా తగిలించాలో చెప్పి వదిలేశాను. ఇక మిగతాది వాళ్ళ పని. నేను వరుసల మధ్య తిరుగుతుంటాను.

కాసేపటికి రెండో వరుసలో ఒక అమ్మాయి "వచ్చింది మేడమ్!" అని పిలిచింది. నేను అటు వెళ్ళేలోపు కోడ్ ఇంకోసారి చూసుకుందామని విండోను మినిమైజ్ చేసిందట. మళ్ళీ తెరిస్తే బటన్లు ఉన్నాయి, వృత్తం లేదు.

"అదేంటి మేడమ్, ఇందాక ఉంది. నిజంగా ఉంది."

"ఉందమ్మా, నేను నమ్ముతాను. ఇంకోసారి నొక్కు."

నొక్కింది, వచ్చింది. విండో అంచు పట్టుకుని కొంచెం పెద్దది చెయ్యమన్నాను. చేసింది, పోయింది. పక్క సిస్టమ్ వాళ్ళు కూడా ప్రయత్నించి చూశారు. వాళ్ళదీ పోయింది. ఈ క్షణం కోసమే నేను ఈ ల్యాబ్‌లో ముందుగా ఏమీ చెప్పను. బొమ్మ ఎందుకు పోయిందో వాళ్ళకే తెలుసుకోవాలనిపించాక చెబితే ఆ మాట నిలుస్తుంది.

నెట్‌లో దొరికే ప్రోగ్రాముల్లో చాలావాటిలో ఉండేదే ఆ అమ్మాయి కోడ్‌లోనూ ఉంది. బటన్ నొక్కగానే గెట్‌గ్రాఫిక్స్ అని ప్యానెల్‌ను (బొమ్మ పడే ఆ ఖాళీని) అడిగి, చేతికి వచ్చిన దానితో అక్కడికక్కడే డ్రాఓవల్ అని గీసేయడం. గీత పడుతుంది. కానీ అలా గీసిన దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. విండోను మినిమైజ్ చేసి తెరిచినా, సాగదీసినా జావా ఆ ప్యానెల్‌ను మొదటినుంచి మళ్ళీ గీస్తుంది. అలా గీసేటప్పుడు అది పిలిచేది పెయింట్‌కాంపోనెంట్ అనే మెథడ్‌ని, అంటే పేరు పెట్టి రాసుకున్న కోడ్ ముక్కని. అందులో వృత్తం మాటే లేకపోతే, దానికి వృత్తం సంగతి తెలియదు.

బోర్డు మీద రాసింది తర్వాతి పీరియడ్‌కి వచ్చిన సారు తుడిచేస్తారు కదా, మీ నోట్సులో ఉంటే ఎన్నిసార్లైనా మళ్ళీ రాయొచ్చు, అన్నాను. తెర బోర్డు లాంటిది, నోట్సు మనం పెట్టుకోవాలి. ఆ నోట్సే ఒక అర్రేలిస్ట్, అంటే ఎన్నైనా చేర్చుకోగల జాబితా. బటన్ నొక్కినప్పుడు గీయకూడదు. "ఇక్కడ, ఇంత సైజులో, ఒక వృత్తం" అని లిస్టులో రాసుకుని, రీపెయింట్ అని ఒక్క మాట చెప్పి తప్పుకోవాలి. గీసే పని మొత్తం పెయింట్‌కాంపోనెంట్‌ది. పిలిచినప్పుడల్లా అది లిస్టు తిరగేసి మొదటినుంచి చివరిదాకా గీస్తుంది. అప్పుడు వెయ్యిసార్లు మినిమైజ్ చేసినా బొమ్మ ఎక్కడికీ పోదు.

ఇది మొత్తం నాలుగైదు వాక్యాల విషయం. కానీ ఇది అర్థమైన విద్యార్థికి ఆ తర్వాత చాలా అర్థమవుతాయని నా గట్టి నమ్మకం. సమాచారం ఒకటి, అది కనపడే తీరు ఇంకొకటి. రెండిటినీ విడిగా పెట్టుకోవాలి. థియరీ క్లాసులో ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తలలూపుతారు. కళ్ళ ముందు వృత్తం మాయమైతే తల పైకెత్తి చూస్తారు.

ఇంకో మూల ఒక అబ్బాయి వేరే దారి కనిపెట్టాడు. ఒక బొమ్మ తర్వాత ఇంకో బటన్ నొక్కితే మొదటి బొమ్మ పోతోందని, పెయింట్‌కాంపోనెంట్‌లో మొదట ఉండే సూపర్ లైను తీసేశాడు. ఆ లైనే ప్యానెల్‌ను శుభ్రంగా తుడిచేది. తుడవడం ఆగింది కాబట్టి పాత బొమ్మలు అలాగే ఉండిపోయాయి. "లిస్టు అక్కర్లేదు మేడమ్" అన్నాడు సంతోషంగా. విండో సాగదీయమన్నాను. బొమ్మలు చెదిరిపోయి, ప్యానెల్‌లో చెత్త చెత్తగా ఏవో కనపడ్డాయి. వాడే నవ్వి ఆ లైను తిరిగి పెట్టాడు. నాకు మాత్రం వాడి ఆలోచన నచ్చింది. ఏ లైను ఏం చేస్తుందో పట్టుకున్నాడుగా, అదే కావలసింది.

పైథాన్ అనే ఇంకో భాష కూడా నేర్చుకుంటున్న అమ్మాయి ఒకతె అడిగింది, అందులో విండోలు చేసే టికింటర్‌లో ఈ తలనొప్పి లేదు కదా మేడమ్ అని. నిజమే. అక్కడ కాన్వాస్ మీద క్రియేట్ ఓవల్ అంటే ఆ బొమ్మను కాన్వాసే దాచుకుంటుంది, ఒక నంబరు కూడా ఇస్తుంది. ఆ నంబరుతో తర్వాత దాన్ని జరపొచ్చు, చెరపొచ్చు. అంటే లిస్టు అక్కడా ఉంది, మన కంట పడదు, అంతే. మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి లిస్టు చేత్తో రాయించే జావానే మేలని నా అభిప్రాయం. మేం ఈ విండోలు, బటన్లు చేసే జావా లైబ్రరీ పేరు స్వింగ్. అది 1998లో జావా 1.2తో పాటు వచ్చింది, ఇప్పుడెవరు వాడతారని కూడా అడుగుతుంటారు. ఉద్యోగాలకు వెళ్ళాక వీళ్ళలో చాలామంది రాసేది బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రాములే. కానీ బ్రౌజర్‌లోని కాన్వాస్ కూడా దాని వెడల్పు మార్చగానే తుడిచిపెట్టుకుపోతుంది. మళ్ళీ ఇదే పాఠం.

వృత్తం దగ్గర ఇంకో చిక్కు ఉంటుంది. సి భాషలో గ్రాఫిక్స్ చేసి వచ్చినవాళ్ళకి కేంద్రం, వ్యాసార్థం ఇవ్వడం అలవాటు. డ్రాఓవల్ అలా తీసుకోదు. వృత్తం చుట్టూ ఒక పెట్టె ఉందనుకుని దాని ఎడమ అంచు, పై అంచు, వెడల్పు, ఎత్తు అడుగుతుంది. కేంద్రం నుంచి వ్యాసార్థం తీసేసి, వెడల్పుకి దాన్ని రెండింతలు చేసి ఇవ్వాలి. త్రిభుజానికైతే మెథడే లేదు. మూడు మూలల అడ్డం కొలతలు ఒక అర్రే (అంకెల వరుస), నిలువు కొలతలు ఇంకో అర్రేగా డ్రాపాలిగన్‌కి ఇవ్వాలి. భుజం 100 అయితే ఎత్తు ఎంత అని అడిగాను. ఇంటర్లో ఎంపీసీ చదివిన పిల్లలు వెంటనే 0.866తో గుణించారు. శీర్షం 150, 50 దగ్గర పెడితే కింది మూలలు 100, 137 దగ్గరా, 200, 137 దగ్గరా వస్తాయి. లెక్క కరెక్టుగా వేసినా కొందరికి త్రిభుజం తలకిందులైంది. గ్రాఫు పేపర్ మీద పైకి వెళ్ళేకొద్దీ వై పెరుగుతుంది, తెర మీద కిందికి వచ్చేకొద్దీ పెరుగుతుంది. సున్నా పైన ఎడమ మూలలో ఉంటుంది. ఇది చెప్పి వదిలేయాల్సిన సంగతే, పెద్ద చర్చ అక్కర్లేదు.

చర్చ పెట్టాల్సి వచ్చింది ఇంకో చోట. ఒక జట్టు వృత్తం బటన్ నొక్కితే చుక్కగా మొదలై మెల్లగా పెరగాలనుకున్నారు. బటన్ నొక్కగానే నడిచే యాక్షన్‌పెర్ఫామ్డ్ మెథడ్‌లోనే లూప్ పెట్టి, వ్యాసార్థం కొంచెం కొంచెం పెంచుతూ, ప్రతిసారి రీపెయింట్ అని, మధ్యలో కాసేపు ఆగమని త్రెడ్ స్లీప్ పెట్టారు. నొక్కితే బటన్ లోపలికి పోయి అలాగే ఉండిపోయింది, విండో బిగుసుకుపోయింది, చివర్లో ఒక్కసారిగా పెద్ద వృత్తం వచ్చి పడింది. సిస్టమ్ హ్యాంగ్ అయిందేమోనని వాళ్ళకి టెన్షన్. సిస్టమ్ తప్పేమీ లేదు. స్వింగ్‌లో నొక్కుళ్ళు వినేదీ, బొమ్మ గీసేదీ ఒకే త్రెడ్, అంటే ఒకసారికి ఒక్క పనే చేసే ఒకే పనివాడు. దాన్ని మనమే లూప్‌లో నిద్రపుచ్చి, గీయడం లేదేమని అడిగితే ఎలా? రీపెయింట్ అంటే ఇప్పుడే గీయమని కాదు, వీలైనప్పుడు గీయమని పెట్టుకునే అర్జీ. ఒకదాని వెనక ఒకటి అర్జీలు పేరుకుంటే స్వింగ్ వాటన్నిటినీ కలిపి ఒకేసారి తీర్చేస్తుంది. లూప్ తీసేసి స్వింగ్ టైమర్ పెట్టించాను. టైమర్ కొట్టినప్పుడల్లా వ్యాసార్థం కాస్త పెంచి వెనక్కి వచ్చేయడమే. వృత్తం నున్నగా పెరిగింది. అంచు మెట్లు మెట్లుగా ఉందంటే గ్రాఫిక్స్ 2డిలో అంచులు నునుపు చేసే యాంటీఎలియాసింగ్ ఆన్ చెయ్యమన్నాను, అదీ కుదిరింది.

ఈ ల్యాబ్‌లో నేను తప్పకుండా చెప్పే సంగతి ఒకటుంది. బటన్ నొక్కి బొమ్మ గీయడం ఎంత పాతదో పిల్లలకు తెలియాలి. అమెరికాలో ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ అనే పీహెచ్‌డీ విద్యార్థి 1963లో స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ మీద థీసిస్ ఇచ్చాడు. లింకన్ లేబొరేటరీలో టీఎక్స్-2 అనే కంప్యూటర్ మీద అది నడిచేది. మౌస్ నమూనా తయారైంది 1964లో కాబట్టి అప్పటికి మౌస్ లేదు. తెర మీద లైట్ పెన్ను ఆనించి, పక్కనున్న "డ్రా" బటన్ నొక్కితే గీత మొదలై పెన్ను వెంట సాగేది. వృత్తానికి కేంద్రం పెట్టడానికి వేరే బటన్. అంతకన్నా నాకు ముఖ్యం అనిపించేది, ఆయన కంప్యూటర్‌లో దాచింది బొమ్మను కాదు. ఏయే బిందువులు, వాటిని కలిపే గీతలేవి, ఏ గీత దేనికి సమానం అన్న వివరాలను దాచాడు. తెర మీద కనపడేది ఆ వివరాల నుంచి తయారయ్యేది. ఇందాక రెండో వరుసలో మేం మాట్లాడుకున్న లిస్టు అదే. థీసిస్‌లో ఆయన చూపించిన మొదటి ఉదాహరణ షడ్భుజి. ఎలాగో ఒకలాగా ఆరు గీతలు గీసి, మూలలన్నీ వృత్తం మీదికి చేర్చి, భుజాలన్నీ సమానం అని చెబితే ప్రోగ్రామే దాన్ని సరిచేసుకునేది. ఆయనకు 1988లో కంప్యూటర్ రంగంలో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

షడ్భుజి మాట విని ఇద్దరు అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేడమ్, ఐదో బటన్ పెట్టుకోవచ్చా? ముగ్గుకి" అన్నారు. ధనుర్మాసం కదా, పొద్దున్నే ముంగిట్లో ముగ్గేసి కాలేజీకి వస్తున్నారు. ఎన్ని చుక్కలు అన్నాను. "ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా." ప్రోగ్రామ్‌కి ఇంతకన్నా చక్కటి నిర్వచనం ఎవరూ ఇవ్వలేరు. మధ్య వరుసలో 7, దాని పైనా కిందా 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. వరుస నంబరు మైనస్ 3 నుంచి 3 దాకా తిప్పితే ఒక్కో వరుసలో చుక్కలు ఏడులోంచి ఆ నంబరు తీసేసినన్ని, గుర్తు లెక్కలోకి తీసుకోకుండా. సందు చుక్క కాబట్టి ప్రతి వరుస, చుక్కల మధ్య దూరంలో సగం పక్కకి జరిగి మొదలవుతుంది. లూప్ వాళ్ళే రాశారు. చుక్కకీ చుక్కకీ మధ్య 40 పిక్సెళ్ళు, వరుసకీ వరుసకీ మధ్య కూడా 40.

తెర మీద చుక్కలు వచ్చాయి కానీ వాళ్ళలో ఒక అమ్మాయికి తృప్తి లేదు. "వరుసలు ఇంకా దగ్గరగా పడాలి మేడమ్, మా అమ్మమ్మ పెడితే ఇలా పొడుగ్గా రాదు" అంది. అమ్మమ్మ కొలత కరెక్టు. పక్కపక్క రెండు చుక్కలూ, వాటి సందులో పైవరుస చుక్కా కలిస్తే సమబాహు త్రిభుజం అవ్వాలి. మళ్ళీ అదే 0.866. నలభైని దానితో గుణిస్తే దాదాపు 35. మార్చి నొక్కారు. చుక్కల చుట్టూ అంచు సరిగ్గా షడ్భుజి అయింది. త్రిభుజం బటన్ దగ్గర లెక్క వేసిన పిల్లలే ఆ 35 ఎక్కడిదో మిగతావాళ్ళకి చెప్పారు, నేను నోరు తెరవలేదు.

ఆ తర్వాత ఉత్సాహం ఆగలేదు. అన్‌డూ బటన్ కావాలన్నారు. లిస్టు ఉన్నాక అదెంతసేపు, చివరిది తీసేసి రీపెయింట్ అంటే సరి. వృత్తం పోయింది, చతురస్రం పోయింది, బాగానే ఉంది. ముగ్గు మీద నొక్కితే ఒక్క చుక్కే పోయింది. ఇంకోసారి నొక్కితే ఇంకో చుక్క. ముగ్గు మొత్తం తీయాలంటే 37 సార్లు నొక్కాలి. ఒక్క నొక్కుతో వచ్చింది ఒక్క నొక్కుతో పోవాలి కదా మేడమ్, అన్నాడు సూపర్ లైను తీసేసిన అబ్బాయి.

అవును, పోవాలి. అంటే లిస్టులో చుక్కలు కాదు, ముగ్గే ఒక వస్తువుగా చేరాలి. ఆకారం అని ఒక యాబ్‌స్ట్రాక్ట్ క్లాస్ (అన్ని బొమ్మలకీ ఉమ్మడి నమూనా), అందులో గీయి అనే మెథడ్. వృత్తం తన పద్ధతిలో గీసుకుంటుంది, త్రిభుజం తన పద్ధతిలో, ముగ్గు తన 37 చుక్కలతో. పెయింట్‌కాంపోనెంట్‌కి ఏది ఏదో తెలియక్కర్లేదు, వరుసగా అందరినీ గీయమంటుంది. ఒకే మాటకి ఒక్కో వస్తువు తన పద్ధతిలో బదులివ్వడాన్ని పాలిమార్ఫిజం అంటారు. పాఠ్యపుస్తకాల్లో ఆ అధ్యాయంలో ఈ ఉదాహరణ చాలాచోట్ల ఉంటుంది, పరీక్ష కోసం బట్టీ పట్టి ఉన్నారు కూడా. ఇవాళ వాళ్ళకి అది అవసరమై వచ్చింది. అది చూడటం నాకెంత ఆనందంగా ఉందో!

రేపల్లె బస్సు పిల్లలు సంచులు సర్దుకోవడం మొదలుపెట్టారు, కాబట్టి ఆ ముగ్గు కోడ్ రాయడానికి టైము లేదు. వచ్చే వారానికి అందరికీ ఇదే పని ఇచ్చాను: ముగ్గు అనే క్లాస్, దానికి మధ్య వరుస చుక్కలెన్నో, ఎన్ని వచ్చేదాకా తగ్గాలో, చుక్కల మధ్య దూరం ఎంతో బయటి నుంచి ఇవ్వాలి. సరి చుక్క అయితే వరుసకు రెండేసి తగ్గుతాయి కదా, దానికి ఒక చెక్‌బాక్స్ పెట్టమని కూడా చెప్పాను. అన్‌డూ చేసింది తిరిగి రావాలంటే రెండో లిస్టు కావాలి. అన్‌డూ చేశాక కొత్త బొమ్మ గీస్తే ఆ రెండో లిస్టు ఏమవ్వాలో ఆలోచించి రమ్మన్నాను. ముగ్గు అడిగిన అమ్మాయిల్లో ఒకతె అప్పుడే నోట్సులో ఐదు చుక్కలు, సరి చుక్క వేసి లెక్కపెడుతోంది.