కొంగున కట్టుకున్న గాజు

సెప్టెంబరు 8 మరియమ్మ పుట్టినరోజు పండుగ. ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఖాజీపేట దగ్గర మా ఊరి నుంచి ఇరవై మందిమి కడప మరియాపురం గుడికి నడక మొదలుపెట్టాం. దూరం పాతిక కిలోమీటర్ల లోపే. అందరి చేతిలో జపమాల, కొవ్వొత్తులు, నీళ్ల బాటిల్. నాకు వాటితోపాటు కొంగున ముడేసి నడుముకు దోపుకున్న ఒక బంగారు గాజు ఉంది, అది అక్కడ కానుకగా వేయాలి.

అంతకుముందు ఏడాది మా ఆయనకు గుండెకు స్టెంట్ వేశారు. ఆపరేషన్ రోజు బయట బెంచీ మీద కూర్చుని, ఈయన బాగై ఇంటికొస్తే నడిచొచ్చి నీకు గాజు ఇచ్చుకుంటానమ్మా అని మొక్కుకున్నా. ఆయన బాగయ్యాడు. మొక్కు తీర్చేదాకా నిద్ర పట్టదు కదా మనకు.

ఆ గాజు సంగతి ముందే చెప్పేస్తాను. మా అత్తమ్మకు నాలుగు గాజులుండేవి. మంచాన పడకముందు, మా ఇంట్లో ఉన్నప్పుడు ఒకరోజు అవి తీసి నా చేతిలో పెట్టి, "చెరి రెండు తీసుకోండి. చిన్నదానికి నువ్వే ఇయ్యి, అది అడగదు" అనింది. చిన్నది అంటే మా తోడికోడలు. ఆ తర్వాత రెండు నెలలకే అత్తమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ప్రొద్దుటూరులో మరిది వాళ్లింట్లోనే రెండేళ్లు మంచంలో ఉండి, 2019లో పోయింది. ఆ రెండేళ్లూ ఒంటికి రెంటికి ఎత్తిపోసింది, ఒళ్లు తుడిచింది, గంజి పట్టింది తోడికోడలే. నేను నెలకోసారి పండ్లు తీసుకుని పోయి చూసొచ్చేదాన్ని. దినాలప్పుడు గాజుల మాట వస్తే, "అత్తమ్మ నాకే ఇచ్చింది" అన్నా. అబద్ధం కూడా కాదు అనుకున్నా, చేతికిచ్చింది నాకే కదా. తర్వాత పిల్లోడి ఇంజనీరింగ్ ఫీజుకు అందులో రెండు బ్యాంకులో గోల్డ్ లోన్‌కు పెట్టేశాం. ఇన్నేళ్లూ ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనాల్లో కోపం చెప్పుకున్నా, చాడీలు చెప్పుకున్నా, ఈ మాట ఒక్కటి మింగేస్తూ వచ్చా.

నడక బాగా సాగింది. కర్నూలు దగ్గర సుంకేసుల నుంచి ఇంత దూరం వచ్చే కేసీ (కర్నూలు-కడప) కెనాల్ నీళ్లు పారే చేలు కాబట్టి వరి పచ్చి వాసన, కప్పల రొద, అప్పుడప్పుడు లారీ లైట్లు. ఆ రోడ్డు మీద రాత్రిపూట గుంపుగా నడిచేవాళ్లంటే తిరుమలకు పోయేవాళ్లేనని అందరి లెక్క. ఒక టీ బంకు అతను "కొండకేనా?" అని అడిగాడు. "కాదన్నా, కడప మరియమ్మ గుడికి" అంటే, "యాడికైతేనేం, దేవుని కాడికే కదా" అని టీకి డబ్బులు తీసుకోలేదు.

రెండు గంటలప్పుడు చెన్నూరు ఇవతల కాళ్లు లాగుతున్నాయని కూర్చున్నాం. పక్కన నాట్లు వేయని చేలో గొర్రెల మంద కట్టి ఉన్నారు. కుక్కలు మొరిగేసరికి మందంతా లేచి ఒకటే అరుపులు. మా ఊళ్లో ప్రార్థనలు నడిపించే ఉపదేశిగారు పెద్దాయన, ఆయనకు ఏది చూసినా బైబిలు వాక్యమే గుర్తొస్తుంది. అమాలెకీయుల మీద యుద్ధానికి పోయిన సౌలు రాజు కథ ఎత్తుకున్నాడు. అక్కడిది ఏదీ మిగల్చొద్దని దేవుడు చెప్తే, సౌలు బలిసిన గొర్రెలనూ ఎద్దులనూ మిగుల్చుకుని వచ్చాడు. సమూవేలు ప్రవక్త వస్తే, దేవుడు చెప్పిందంతా చేసేశానన్నాడు. "చేసేస్తే మరి నా చెవిలో పడే ఈ గొర్రెల అరుపులేంది?" అని ప్రవక్త అడిగాడు. "అవి దేవునికి బలి ఇచ్చేదానికే" అన్నాడు సౌలు. దేవునికి బలికంటే మాట వినడమే ఇష్టమని అప్పుడు చెప్పాడు సమూవేలు. ఆ యుద్ధం కథ చదవడానికి నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. కానీ ఆ రాత్రి యుద్ధం నా బుర్రకెక్కలేదు. తనది కానిదాన్ని దేవునికిస్తానన్న మనిషే కనిపించాడు. చేయి నడుము మీదికి పోయింది.

అక్కడి నుంచి పెన్నా బ్రిడ్జి దాటేదాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. అందరూ జపమాల చెప్తున్నారు, నోరు కలుపుతున్నా, లోపల మాత్రం లెక్కలు. నాలుగింట్లో రెండు నావే కదా, ఇది నా రెండింట్లోది అనుకుంటే సరిపోదా? ఏ గాజు ఎవరిదని దాని మీద రాసుందా? ఇది ఇచ్చేసి, తర్వాత నిదానంగా ఆ పిల్లకు ఏదో ఒకటి చేయిస్తే? ఆ "తర్వాత" అనే మాట అప్పటికి ఎన్ని ఏళ్లుగా అనుకుంటున్నానో నాకు తెలుసు. మొక్కుకు నాకు ధైర్యం ఉంది. ఇంకో పాతిక కిలోమీటర్లు నడవమన్నా నడుస్తా, ఉపవాసం ఉండమన్నా ఉంటా. ఎందుకంటే అవన్నీ నేను ఎంచుకున్నవి, పదిమంది చూసి మెచ్చుకునేవి. దేవుడు నన్ను అడుగుతున్నది ప్రొద్దుటూరు పోయి ఒక మాట చెప్పమని. అది నా వల్ల కాదు.

తెల్లారుజామున మరియాపురం చేరాం. 1976లో నెల్లూరు నుంచి కడప మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, వేరైందని, అప్పటి నుంచి ఈ సెయింట్ మేరీస్ కెథడ్రల్ మన పెద్దగుడి అయిందని మా అమ్మ చెప్పేది. చిన్నప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని వచ్చిన గుడి. మరియమ్మ స్వరూపం ముందు మోకాళ్లూని చూస్తూ ఉన్నా. సువార్తల్లో మరియమ్మ నోటి నుంచి వచ్చిన ఆఖరి మాట కానా ఊరి పెళ్లింట్లోది, కొడుకు యేసు గురించి, ఆయన చెప్పినట్టు చేయండి అని పనివాళ్లతో చెప్పింది. నా గాజు ఈమెకు ఎందుకు? పీఠం కాడ నీ మీద నీ సోదరునికి ఏదన్నా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు పోయి సమాధానపడమని ఆమె కొడుకే చెప్పాడు, ఇంకెవరో కాదు.

పూజ మొదలవుతుంటే లేచి బయటికొచ్చేశా. మా ఊరామె ఒకరు "యాడికి పోతాండావు, ఇప్పుడే కదా పూజ" అని చెయ్యి పట్టుకుంది. వచ్చి చెప్తానన్నా. ఆటోలో బస్టాండుకు పోయి, కమలాపురం, ఎర్రగుంట్ల మీదుగా పోయే ప్రొద్దుటూరు బస్సెక్కా. నడిచిన పాదాలకు బొబ్బలు, కూర్చుంటే ఇంకా ఎక్కువ నొప్పి. ఎర్రగుంట్లలో బస్సు ఆగినప్పుడు దిగి వెనక్కి పోదామనిపించింది. దిగలేదు, అంతే.

తోడికోడలు దోసెలు పోస్తోంది. కొంగు ముడి విప్పి గాజు గట్టు మీద పెట్టి అంతా చెప్పేశా, బ్యాంకులో ఉన్నవాటి సంగతితో సహా. దోసె మాడిపోయింది. స్టవ్ ఆపి చాలాసేపు మాట్లాడలేదు. తిడుతుందనుకున్నా. "గాజుల సంగతి నాకొద్దులే అక్కా. రెండేళ్లు చేసినా అత్తమ్మకు నా మీద ప్రేమ లేదని ఇన్నాళ్లూ అనుకుంటా ఉండా" అనింది. నేను దాచిపెట్టుకుంది బంగారం ఒక్కటే అనుకున్నా. కింద కూలబడి ఏడ్చా. ఆమె నన్ను లేపలేదు, లేపాలని నేను అనుకోను కూడా.

మరిది ఆ రోజు నుంచి మా ఇంటికి రావడం లేదు. మా ఆయన రెండు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు, పరువు పోగొట్టావన్నాడు. తర్వాత ఆయనే పోయి లోన్ కట్టి గాజులు విడిపించుకొచ్చాడు. డిసెంబరులో రెండో గాజు పట్టుకుని మళ్లీ ప్రొద్దుటూరు పోయా.

తీసుకుంది. టీ పెట్టింది. పక్కన కూర్చుని అడిగింది, "అత్తమ్మ ఏమన్నదో ఇంకోసారి చెప్పక్కా."

చెప్పా.

"చిన్నది అనే అనిందా? నా పేరు పెట్టి అనలేదా?"

"చిన్నది అనే అనింది. అది అడగదు అనింది."

"నన్నట్లే పిలుస్తా ఉండె" అని గాజు వేసుకున్న చేత్తోనే ముఖం తుడుచుకుంది.