కమ్చట్కా గద్ద అట్లాంటిక్ ఒడ్డుకొస్తే

స్టెల్లర్స్ సీ ఈగిల్ అనే గద్ద ఉండాల్సిన చోటు రష్యా తూర్పు కొస. కమ్చట్కాలో, ఒఖోట్స్క్ సముద్రం ఒడ్డున గూళ్ళు కడుతుంది, చలికాలంలో కొన్ని జపాన్‌లోని హొక్కైడో దాకా వస్తాయి. అలాంటిది 2021 డిసెంబరు చివర్లో అమెరికా తూర్పు తీరాన, మేన్ రాష్ట్రంలోని జార్జ్‌టౌన్‌లో కనిపించిందని తెలిసేసరికి బాస్టన్‌లో ఉన్న నాకు కాలు నిలవలేదు. వెళ్ళాను, చూశాను. దూరంగా చెట్టు మీద కూర్చుని ఉంది, నల్లటి ఒళ్ళు, తెల్లటి భుజాలు, ఇంత లావు పసుపు ముక్కు. దగ్గర్లో ఓ బాల్డ్ ఈగిల్ కూడా ఉండబట్టి దీని సైజు అర్థమైంది, అంత పెద్ద గద్ద కూడా దీని పక్కన పిల్లలా అనిపించింది! ఈ జాతి 9 కిలోల దాకా తూగుతుంది మరి.

కానీ నాకు చూడటంకన్నా ఎక్కువ నచ్చిందేంటంటే, ఈ ఒక్క పక్షి ప్రయాణాన్ని జనం ఫోటోలతో కలిపి కుట్టుకుంటూ రావడం. 2020 ఆగస్టులో అలాస్కాలో, డెనాలి హైవే దగ్గర కనిపించింది. 2021 మార్చిలో టెక్సాస్‌లో ఒకటి కనిపించింది, అదీ ఇదేనని చాలామంది నమ్మకం. ఆ వేసవిలో కెనడాలోని క్యూబెక్, న్యూ బ్రన్స్‌విక్, నవంబరులో నోవా స్కోషియా, డిసెంబరులో మాసచుసెట్స్‌లోని టాంటన్ నది. టెక్సాస్ సంగతి అలా ఉంచితే, మిగతాచోట్ల వేరువేరు పక్షులు కావని ఎలా చెప్పారు? రెక్కల మీది తెల్ల మచ్చల తీరు చూసి. ఒకరి ఫోటో పక్కన ఇంకొకరి ఫోటో పెట్టి పోల్చారు, అంతే.

ఇంకో అనుమానం కూడా తీర్చాల్సి ఉంటుంది, జూలోంచి తప్పించుకున్నదేమో అని. ఇది ఊరికే వచ్చే అనుమానం కాదు, అదే ఏడాది సెప్టెంబరులో పిట్స్‌బర్గ్‌లోని నేషనల్ ఏవియరీ అనే పక్షుల జూ నుంచి ఇదే జాతి పక్షి నిజంగానే బయటపడింది, వారం దాటాక పట్టుకున్నారు. కాబట్టి జూ పక్షులకు వేసేలాంటి రింగు కాళ్ళకు ఉందా లేదా అన్నది కూడా ఫోటోలో పడితే ఎంతో మేలు.

అందుకే వింత పక్షి కనిపిస్తే ముందు ఫోటో తీయండి, అందంగా రాకపోయినా సరే, మసకగా ఉన్నా సరే. ఒకటి కూర్చున్నప్పుడు, ఒకటి రెక్కలు విప్పినప్పుడు, వీలైతే పక్కన తెలిసిన పక్షి ఏదైనా ఉండేలా. టైము, చోటు, ఎటు ఎగిరిందో అక్కడే ఫోన్‌లో రాసేసుకోండి, ఇంటికొచ్చాక రాద్దామంటే కళ్ళు చూసినదానికి మనసు రంగులు వేసేస్తుంది. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో పెడితే, అరుదైన పక్షి అని ఆ రికార్డు మీద ఓ గుర్తు పడుతుంది, ఆ ప్రాంతం పరిశీలకులు వివరాలు అడుగుతారు. అడిగితే నొచ్చుకోవద్దు, వాళ్ళు అలా అడగబట్టే ఆ రికార్డుకి విలువ.

దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు. ఆ చలిలో దానికి ప్రతి ఎగురుడూ ఖర్చే, జూమ్ చాలకపోతే చాలకపోనివ్వండి.

తర్వాత అది న్యూఫౌండ్‌లాండ్ చేరింది, అక్కడివాళ్ళూ ఫోటోలు పెడుతూనే వచ్చారు. నేను ప్రతి కొత్త ఫోటోలో ముందు ఆ తెల్ల మచ్చలే వెతుకుతాను.