ముగ్గు బోర్డరు తీసేశాక

తెనాలిలో పద్దెనిమిదేళ్లు డీటీపీ సెంటరు నడిపినదాన్ని నేను. శుభలేఖలు, కరపత్రాలు, ఓణీల ఫంక్షన్ కార్డులు... "మ్యాటర్ ఇచ్చి వెళ్లండి, సాయంత్రానికి ప్రూఫ్ చూపిస్తా" అనని రోజు లేదు. కొట్టు మూసేశాక మా ఊరి లైబ్రరీ కుర్రాళ్లు వచ్చి, "అక్కా, బయట ఊళ్లలో ఉన్న మనవాళ్లకి నెలకోసారి మెయిల్ పంపాలి. నువ్వైతే అందంగా చేస్తావు" అన్నారు. ఆ "అందంగా" అన్న మాట దగ్గరే దెబ్బతిన్నాను.

చేతికిచ్చిన అడ్రసులు 412. హైదరాబాదు, బెంగళూరు, డల్లాస్, సిడ్నీ. సగం మంది రిటైరైనవాళ్లే.

మొదటి నెల నాకు చేతనైనదే చేశాను. పేజ్‌మేకర్‌లో ఏ4 సైజు, రెండు కాలమ్‌లు, చుట్టూ ముగ్గు బోర్డరు, పీడీఎఫ్ చేసి మెయిల్‌కి తగిలించా. మర్నాడు మా వదిన ఫోను: "బాగుందే, కానీ రెండు వేళ్లతో లాగి లాగి చదవలేక చచ్చా. ఒక కాలమ్ అడుగుదాకా దిగి మళ్లీ పైకెక్కాలి. మెట్లెక్కినట్టుంది." కాగితం కోసం చేసిన పేజీని ఫోనులో చూడమంటే అంతేగా మరి.

పోనీ మ్యాటర్‌ని మెయిల్‌లోనే అతికిద్దామంటే అంతా గజిబిజి. కారణం నాకు తెలిసిందే. డీటీపీలో వాడే పాతకాలపు అను ఫాంట్లలో మనం చూసేది తెలుగు, లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. ఆ ఫాంటు లేని చోట వేషం తీసేసిన నాటకంలా ఉంటుంది. అడ్డదారి తొక్కి రెండో నెల పేజీ మొత్తాన్ని జేపీజీ బొమ్మగా పంపా. అన్ని ఫోన్లలోనూ ఒకేలా, ముత్యాల్లా వచ్చింది. మురిసిపోయాను.

మూడు రోజులకి హైస్కూల్లో మాకు చెప్పిన తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. చూపు బాగా తగ్గింది ఆయనకి, ఫోనే చదివి వినిపిస్తుంది. "అమ్మాయ్, మన లైబ్రరీ ఉత్తరం తెరిస్తే ఇది 'ఇమేజ్' అని ఊరుకుంటోందమ్మా. లోపల ఏముందో చెప్పడం లేదు" అన్నారు. ఏం చెప్పను? మొత్తం ఫోన్లో చదివి వినిపించాను. పావుగంట పట్టింది. బొమ్మలో ఉన్న మాటలు జీమెయిల్లో వెతికితే దొరుకుతాయన్న భరోసా లేదని, లింకుతో పెట్టిన బొమ్మైతే ఆఫీసుల్లో వాడే మెయిల్ ప్రోగ్రాం అవుట్‌లుక్‌లో చాలాచోట్ల అనుమతిచ్చేదాకా తెరుచుకోదని తర్వాత తెలిసింది. ఆ రోజుతో బొమ్మ ఉత్తరం బంద్. కూర్చుని యూనికోడ్ టైపింగ్ నేర్చుకున్నా, అందులో లోపల ఉండేదీ తెలుగే.

మూడో నెల న్యూస్‌లెటర్ సర్వీసొకటి పట్టుకుని, దాంట్లో రెడీగా ఉన్న హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే పద్ధతి) టెంప్లేట్ తీసుకున్నా. ఆకుపచ్చ హెడింగు, గుండ్రటి మూలల పెట్టెలు, మండలి ఫాంటు. నా కంప్యూటర్లో పెళ్లికూతురే. జీమెయిల్ మాత్రం బయటి ఫాంటును రానివ్వదు, ఆ ఫోనులో ఏ తెలుగు ఫాంటుంటే దాంతోనే చూపిస్తుంది. 2007 నుంచీ విండోస్‌లోని పాత (క్లాసిక్) అవుట్‌లుక్ మెయిల్‌ని వర్డ్ ఇంజిన్‌తో గీస్తోంది కనుక నా గుండ్రటి మూలలు అక్కడ చతురస్రాలయ్యాయి. పోతే పోయాయి. నాకు మండిందల్లా వరుసల మధ్య ఖాళీ దగ్గర. ఆ టెంప్లేట్ ఇంగ్లిష్‌వాళ్లు చేసుకున్నది, లైన్ హైట్ 1.2. వాళ్లకి వత్తులేవి? మనకి "శాస్త్రి" అని రాస్తే కింద వేలాడే వత్తులు పోయి కింది వరుస గుడుల మీద పడుతున్నాయి. ప్రూఫ్ రీడింగులో ఇలాంటి పేజీ ఎవరైనా తెస్తే నేనే వెనక్కి పంపేదాన్ని. ఇటాలిక్ సంగతైతే చెప్పొద్దు, వాలిన తెలుగు జారిపడ్డట్టుంటుంది.

దాతల పేర్ల గొడవ కూడా ఆ నెలదే. ఉత్తరం చివర పుస్తకాలిచ్చినవాళ్ల పేర్లు వేశా. "నేను యాభై పుస్తకాలిస్తే నా పేరు లేదేంటమ్మా?" అని ఒకాయన అలిగారు. పేరుంది. మెయిల్ 102 కేబీ దాటితే జీమెయిల్ అక్కడికి కత్తిరించి, మిగతాది చూడాలంటే నొక్కమని చిన్న లింకు పెడుతుంది. ఆయన పేరు కత్తెర కిందికి పోయింది. తెలుగు బరువెక్కువ మరి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరమే తీసుకోండి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. ఒక్కోదానికి మూడు బైట్లు, వెరసి పద్దెనిమిది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక్కటే. అయినా అసలు దోషం నాదే. వర్డ్ నుంచి కాపీ చేయడంతో ప్రతి మాటకీ ఫాంటు పేరు, రంగు, సైజు వెంట వచ్చేశాయి. ఆ చెత్తంతా తీసేస్తే 131 కేబీ ఉత్తరం 38కి దిగింది.

ఉత్త ప్లెయిన్ టెక్స్ట్, అంటే ఏ అలంకారమూ లేని అక్షరాలు, పంపమని మా అబ్బాయి సలహా. ఒకసారి పంపాను కూడా. అక్షరం సైజు పెంచే వీల్లేదు, మూరెడు లింకులు మధ్యలో అడ్డం. పెద్దవాళ్లు ఎక్కువున్న జాబితాకి అది కుదరదు.

ఇప్పుడు పంపేది హెచ్‌టీఎంఎలే, కానీ ఒంటి మీద నగల్లేవు. ఒకటే కాలమ్, 600 పిక్సెళ్ల వెడల్పు, అక్షరాల సైజు 18, లైన్ హైట్ 1.7. ఒక్క ఫొటో, దాంట్లో ఏముందో చెప్పే వాక్యం దాని వెనకాల (మాస్టారి ఫోను కోసం). అదే మెయిల్లో ప్లెయిన్ టెక్స్ట్ కాపీ కూడా ఉంటుంది, చదివేవాళ్ల యాప్ తనకి పడినది తీసుకుంటుంది. 1992లో మైమ్ (మెయిల్లో రకరకాల భాగాలు కలిపి పంపే పద్ధతి) వచ్చినప్పటి నుంచీ ఉన్న ఏర్పాటట ఇది, నాకు మొన్న తెలిసింది. పంపేముందు నా ఫోనులో ఓసారి, డార్క్ మోడ్‌లో ఓసారి చూస్తా. లైబ్రరీ లోగోలో నల్లక్షరాలకి వెనక రంగు లేక ఓసారి చీకట్లో కలిసిపోయాయి లెండి.

పోయిన నెల మాస్టారు తిరిగి జవాబు పంపారు. ఫోనుకి చెప్పి రాయించారేమో, చుక్కా కామా లేదు. "మొత్తం విన్నాను రెండో పేరాలో గురజాడ బదులు గుర్రజాడ అని పలికింది టైపు చూసుకో" అని. చూసుకున్నా. తప్పు నాదే, ఒక రకారం ఎక్కువ పడింది.

ముగ్గు బోర్డరు పూర్తిగా మానలేదు. ప్రతి నెలా అదే మ్యాటర్‌ని పేజ్‌మేకర్‌లో రెండు కాలమ్‌లు చేసి, ఏ4 మీద ప్రింటు తీసి, లైబ్రరీ గోడకున్న బోర్డుకి గుచ్చి వస్తున్నా.