వయసు నొప్పులనుకున్నవి

నాకు 69 ఏళ్లు నిండిన కొద్ది రోజులకే పొద్దున్నే మంచం దిగడం గండంగా మారింది. రెండు భుజాలూ తుంటీ తొడలూ బిగుసుకుపోయి, పక్కకు ఒత్తిగిలాలన్నా మంచం పట్టె పట్టుకోవలసి వచ్చేది. చేతులు పైకి లేవక, తల దువ్వడానికి మా అమ్మాయిని పిలిచేదాన్ని. గంటన్నర గడిచేసరికి పట్టు కాస్త సడలేది కాబట్టి వయసు నొప్పులేనని సరిపెట్టుకుని రెండు నెలలు ఓర్చుకున్నాను. ఆ ఓర్పు వల్ల ఎవరికీ మేలు జరగలేదు.

రక్తపరీక్షలో, ఒంట్లో వాపును పట్టిచ్చే ఈఎస్ఆర్ 88 ఉంది, అలాంటిదే అయిన సీఆర్పీ కూడా బాగా పెరిగింది. ఇది పాలీమయాల్జియా రుమాటికా అని, 50 దాటినవారికే వస్తుందని, భుజాల, తుంటి కీళ్ల చుట్టూ ఉండే పొరలు వాచడం వల్లే ఈ బిగువని కీళ్లవాతం డాక్టరు గారు వివరించి, రోజుకు 15 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మూడో రోజుకే నా జడ నేనే వేసుకున్నాను. ఈ జబ్బున్న కొందరికి తలలోని రక్తనాళాలు కూడా వాస్తాయని, కొత్తగా తలనొప్పి గాని, దవడనొప్పి గాని, చూపులో తేడా గాని వస్తే ఆ రోజే రమ్మని ఆయన చెప్పిన మాట ఆ సంతోషంలో నా మనసున నిలవలేదు.

నాలుగు నెలల తరువాత, మందు మోతాదు తగ్గిస్తూ వస్తుండగా, కుడి కణతలో నొప్పి మొదలై, దువ్వెన తగిలినా మాడు భగ్గుమనేది. అన్నం తింటూ ఉంటే నాలుగు ముద్దలకే దవడ అలసిపోయి నొప్పి పుట్టేది, నమలడం ఆపితే తగ్గేది. పంటినొప్పి అనుకుని పళ్ల డాక్టరుకు చూపించుకుంటే పళ్లన్నీ బాగున్నాయన్నారు. దవడ కండరాలకు చాలినంత రక్తం అందకపోవడమే ఆ నొప్పికి కారణమని నాకు తట్టలేదు. చివరకు ఒక ఉదయం కుడి కంటికి బూడిదరంగు తెర దిగినట్టయి, కొద్ది నిమిషాలకు తొలగిపోయింది.

అప్పుడు ఆలస్యం చేయలేదు. డాక్టరు గారు కణత మీద వేళ్లుంచి, నా వేలిని కూడా అక్కడే పెట్టించారు. చర్మం కింద నాళం ముడులు పడిన తాడులా గట్టిగా తగిలింది, నాడి కొట్టుకోవడం తెలియలేదు. ఇది జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అని, తలలోని రక్తనాళాలు వాస్తాయని ముందే హెచ్చరించిన జబ్బు ఇదేనని అన్నారు. "నాళం ముక్క తీసి పరీక్షించే బయాప్సీ తరువాత చేద్దామమ్మా, మందు మాత్రం ఈ పూటే మొదలుపెట్టాలి. పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు" అంటూ అదే స్టెరాయిడ్‌ను 60 మిల్లీగ్రాములు ఇచ్చారు. వారానికి వచ్చిన బయాప్సీ ఫలితం ఆయన మాటనే నిర్ధారించింది. నా చూపు నిలిచింది.

అంత మోతాదును భరించడం తేలిక కాదు. మొహం ఉబ్బింది, నిద్ర పోయింది, ఎన్నడూ లేని షుగరు పెరిగింది. ఎముకలు గుల్లబారకుండా కాల్షియం, విటమిన్ డి, వారానికొక మాత్ర వాడుతున్నాను. విసుగెత్తి స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేయాలనిపించిన రోజులున్నాయి. అలా మానితే, ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను సహజంగా తయారుచేసే అడ్రినల్ గ్రంథులు, మందు వల్ల ఇన్నాళ్లూ పని తగ్గించుకుని ఉన్నందున, వెంటనే తేరుకోలేక ప్రాణం మీదికి వస్తుందని తెలిసి ఆగాను. రెండేళ్లు కావస్తున్నాయి, ఇప్పుడు 2.5 మిల్లీగ్రాముల దగ్గర ఉన్నాను. రోజూ తల దువ్వుకున్నాక కుడి కణత మీద వేలు పెట్టి చూసుకుంటాను. నాళం మెత్తగా ఉంది, నాడి వేలికి తెలుస్తోంది.